బోర్డు కన్నా ముందు ఫిరంగిని చదవాలి

పాత ఇనుప ఫిరంగి ఒకటి పార్కు గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద ఉందనుకుందాం. ఏటేటా వేసిన వెండి రంగు పొరల కింద, గొట్టం వీపు మీద, 18-2-14 అనే అంకెలు మసకగా కనిపిస్తున్నాయి. చూసినవారిలో ఎక్కువమంది దాన్ని 1814 ఫిబ్రవరి 18 అని చదువుతారు. కొందరు ఆ తేదీనే బోర్డు మీదికి ఎక్కించి, ఆ రోజు ఏ యుద్ధం జరిగిందో వెతకడం మొదలుపెడతారు. కానీ అది తేదీ కాదు, బరువు. ఇంగ్లండులో పోసిన ఫిరంగుల మీద బరువును మూడు భాగాలుగా చెక్కే ఆచారం ఉండేది. మొదటి అంకె 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లను, రెండోది 28 పౌన్ల క్వార్టర్లను, మూడోది మిగిలిన విడి పౌన్లను తెలుపుతుంది. ఆ లెక్కన 18-2-14 అంటే 2016, 56, 14 కలిపి 2086 పౌన్లు, సుమారు 946 కిలోలు. రెండో స్థానంలో 3కు మించిన అంకె గానీ, మూడో స్థానంలో 27కు మించిన అంకె గానీ ఈ పద్ధతిలో రావడానికి వీల్లేదు. ఈ ఒక్క సంగతి తెలిసినా ఆ ఫిరంగి ఇంగ్లిషు పోత అని, తూకం వేసి లెక్క రాసుకునే వ్యవస్థలోంచి బయటికి వచ్చిందని నిలబడిన చోటే గ్రహించవచ్చు.

పార్కుల్లో, కలెక్టరేట్ల ముందు, కోట గుమ్మాల దగ్గర ఉండే ఫిరంగుల గురించి మూడు వేర్వేరు ప్రశ్నలు వేయాలి. దాన్ని ఎవరు, ఎక్కడ తయారు చేశారు? దాన్ని ఎవరు వాడారు? అది ఇప్పుడున్న చోటికి ఎలా వచ్చింది? సమాచార బోర్డులు చాలావరకు ఈ మూడింటినీ కలిపేసి ఒకే వాక్యంలో జవాబు చెబుతాయి. "నిజాం కాలం నాటి ఫిరంగి" అన్న మాటలో తయారీ గురించి ఏమీ లేదు, వాడకం గురించి స్పష్టత లేదు, రాక గురించి ఊసే లేదు. ఫిరంగి కోట గోడలాంటిది కాదు, కదిలే వస్తువు. గెలిచినవాడు తీసుకుపోతాడు, ఓడినవాడు వదిలిపోతాడు, సంధి కుదిరినప్పుడు చేతులు మారుతుంది, పాతదైపోయాక ఏ అధికారో అందం కోసం మరో ఊరికి తరలిస్తాడు. అందువల్ల అది పడివున్న స్థలం దాని పుట్టుకకు సాక్ష్యం కాదు.

దీనికి గోల్కొండకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. పెట్ల బురుజు మీదున్న ఫతే రహబర్ ఫిరంగిని చూసినవారు అది కుతుబ్‌షాహీలు తమ కోటను కాపాడుకోవడానికి పెట్టుకున్నదని సహజంగానే అనుకుంటారు. దాని మీది శాసనం వేరే మాట చెబుతుంది. అది ఔరంగజేబు పేరున, మహమ్మద్ అలీ అరబ్ అనే పోతపనివాడు హిజ్రీ 1083లో, అంటే 1672 ప్రాంతంలో చేసినది. 1687లో కోటను ముట్టడించినవారి ఫిరంగి నేడు ఆ కోట బురుజు మీదే ఉంది. మూసా బురుజు మీది అజ్‌దహా పైకర్ కూడా అదే పోతపనివాడి చేతి పని. బీజాపూరులోని మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి కథ ఇంకా పొడవైనది. 1549లో అహ్మద్‌నగర్‌లో మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ దాన్ని పోశాడు. తర్వాత అది బీజాపూరు చేరింది. 1686లో బీజాపూరును గెలిచిన ఔరంగజేబు తన విజయాన్ని అదే గొట్టం మీద చెక్కించాడు. ఒకే ఫిరంగి మీద నూట ముప్పై ఏళ్లకు పైగా ఎడమున్న రెండు తేదీలు ఉన్నాయన్నమాట. రెండో శాసనం మాత్రమే చదివినవారు దాన్ని మొగలుల ఫిరంగి అని రాసేస్తారు.

దక్షిణ తెలంగాణలో ఈ చిక్కు మరీ ఎక్కువ. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాట నల్లగొండ ప్రాంతం మీదుగానే సాగేది. ఆ రేవులో 17వ శతాబ్దం మొదటి నుంచీ డచ్చివారు, ఇంగ్లిషువారు వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. 1750లో అది ఫ్రెంచివారికి, 1759లో ఇంగ్లిషువారికి చిక్కింది. పాలమూరు వైపు కృష్ణ, తుంగభద్రలు దాటితే కర్నూలు, ఆ పైన మైసూరు రాజ్యం. 1792లోనూ 1799లోనూ శ్రీరంగపట్నం మీదికి నడిచిన సేనల్లో నిజాం సేనలు ఉన్నాయి. ఇక హైదరాబాదులోనే 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగుల పోతశాల నడిపించాడు. తోప్ కా సాంచా అని జనం పిలిచిన ఆ చోటే ఇప్పటి గన్‌ఫౌండ్రీ. దేవరకొండలోనో, భువనగిరిలోనో, గద్వాలలోనో, వనపర్తిలోనో కనిపించే ఒక పాత ఫిరంగి ఇన్ని దారుల్లో ఏ దారినైనా వచ్చి ఉండవచ్చు. భాష కూడా ఈ సంగతికి సాక్ష్యమిస్తుంది. ఫిరంగి అన్న మాట ఐరోపావారిని ఫిరంగీలు అని పిలవడం నుంచి వచ్చింది, తోపు అన్నది తురుష్క భాష నుంచి వచ్చింది.

గుర్తింపు పని లోహంతో మొదలవ్వాలి. తుప్పు పట్టినది ఇనుము, పచ్చని చిలుము పట్టినది కంచు. రంగు వేసి ఉంటే చిన్న అయస్కాంతం చాలు, కంచుకు అది అంటుకోదు. మన ఊళ్లలో ఎర్రబారని ప్రతి పాత లోహాన్నీ పంచలోహం అనే అలవాటు ఉంది. ఫిరంగుల కంచు ప్రధానంగా రాగి, తగరం కలిసిన మిశ్రమం. సుమారు పది పాళ్లలో తొమ్మిది పాళ్లు రాగి ఉంటుంది. గుడి గంటలో తగరం అంతకన్నా ఎక్కువ, అందుకే గంట ఖంగున మోగుతుంది, అందుకే గట్టిగా కొడితే పగులుతుంది. మందు పేలినప్పుడు పగలకుండా సాగి తట్టుకోవలసిన ఫిరంగిలో ఆ పాళ్లు పనికిరావు. రసాయన పరీక్ష జరగకుండా బోర్డు మీద పంచలోహం అని రాయడం సరికాదు.

ఇనుములో మళ్లీ రెండు రకాలు ఉన్నాయి, అసలు తేడా తెలిసేది ఇక్కడే. మొదటిది సాగగొట్టి అతికిన ఇనుము. పొడవాటి ఇనుప పలకలను గొట్టంలా పేర్చి, వాటి మీద కాల్చిన ఇనుప కట్లను వరసగా తొడిగి, చల్లారేటప్పుడు అవి బిగుసుకునేలా చేసేవారు. ఎద్దుల బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగించడం చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి ఫిరంగి మీద చెయ్యి పెట్టి మెల్లగా జరిపితే ఒక కట్టు ముగిసి ఇంకో కట్టు మొదలయ్యే అంచులు వేళ్లకు తగులుతాయి. మూతి దగ్గర చూస్తే పొరలు కనబడతాయి. తంజావూరు కోట బురుజు మీది సుమారు 25 అడుగుల ఫిరంగి ఈ పద్ధతిలో చేసినదే.

రెండోది పోత ఇనుము. దాని మీద అతుకులు ఉండవు, ఉపరితలం ఒకే ముద్దగా ఉంటుంది, ఉబ్బెత్తు కడియాలు కూడా గొట్టంతో పాటే అచ్చులో పడతాయి. టన్నుల కొద్దీ ఇనుమును ద్రవంగా కరిగించి పోయాలంటే పెద్ద ఊదుకొలిములు కావాలి. మన కమ్మరులు ముద్ద ఇనుమును, మూసల్లో ఉక్కును చేయడంలో ఎంతో నేర్పరులు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు డమాస్కస్ దాకా వెళ్లింది. అయితే ఫిరంగి అంత పోతను ఇనుముతో పోయడం ఆ సంప్రదాయంలో భాగం కాదు. ఇక్కడివారు కంచును పోశారు, ఇనుమును అతికారు. కాబట్టి అతుకు లేని నున్నని పోత ఇనుప ఫిరంగి తెలంగాణలో కనిపిస్తే, అది చాలావరకు ఐరోపా పోతశాలలో పుట్టి రేవు మీదుగా వచ్చినదేనని భావించడానికి బలమైన ఆధారం ఉన్నట్టే. దాని మీద పర్షియన్ అక్షరాలు ఉన్నా ఈ నిర్ణయం మారనవసరం లేదు, అక్షరాలు తర్వాత చెక్కించినవి కావచ్చు.

పొడవు విషయంలో తొందర పనికిరాదు. 18వ శతాబ్దం ఆరంభంలో పెద సోమభూపాలుడు కట్టించిన గద్వాల కోటలోని ఫిరంగి 32 అడుగులని, దేశంలోని పెద్ద ఫిరంగుల్లో ఒకటని ఆ ప్రాంతంలో గర్వంగా చెప్పుకుంటారు. ఈ అంకెను తంజావూరు ఫిరంగితోనో, 20 అడుగులకు కొంచెం మించిన జైపూరు జైవాణ గొట్టంతోనో, 1637లో ఢాకాలో జనార్దన కర్మకారుడు చేసిన 17 అడుగులకు పైబడిన జహాన్ కోషాతోనో పోల్చాలంటే, ముందుగా ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో తెలియాలి. ఇంగ్లిషు పద్ధతిలో వెనుక గుబ్బను వదిలి, దాని ముందున్న పెద్ద కడియం నుంచి మూతి దాకా కొలుస్తారు. గుబ్బతో కలిపి కొలిచిన అంకెను గుబ్బ వదిలి కొలిచిన అంకె పక్కన పెడితే పోలిక చెడిపోతుంది, గొట్టాన్ని మోసే బండితో కలిపి కొలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. పైగా, గుర్తింపుకు పొడవు ఇచ్చే సాయం తక్కువ. ఎంత పెద్దది అన్న ప్రశ్న మీదే బోర్డంతా ఖర్చయిపోతే, ఎలా చేశారు అన్న మరింత విలువైన ప్రశ్నకు చోటు మిగలదు.

గొట్టం లోపలి వెడల్పు మాత్రం చాలా చెబుతుంది. ఐరోపా ఫిరంగులకు పేరు వచ్చింది అవి విసిరే ఇనుప గుండు బరువును బట్టే. ఇంగ్లిషు కొలతల్లో లోపలి వెడల్పు 93 మిల్లీమీటర్లు అయితే ఆరు పౌన్ల ఫిరంగి, 107 అయితే తొమ్మిది పౌన్లది, 117 అయితే పన్నెండు, 148 అయితే ఇరవై నాలుగు. ఏళ్ల తరబడి తుప్పు తినడం వల్ల వెడల్పు కొంత పెరిగి ఉంటుంది కాబట్టి మూతి అంచు దగ్గర కాక, చెయ్యి అందినంత లోపల రెండు మూడు చోట్ల కొలవాలి. రాతి గుండు వేసే ఫిరంగులకు ఈ లెక్క వర్తించదు. రాయి బరువు ఇనుములో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఉండటం వల్ల వాటి మూతులు మరీ వెడల్పుగా ఉంటాయి.

పార్కుల్లో ఎదురయ్యే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, పిల్లలు చెత్త వేస్తున్నారనో, పక్షులు గూళ్లు కడుతున్నాయనో మూతిని సిమెంటుతో పూడ్చేస్తారు. అప్పుడు గొట్టానికి రెండు పక్కలా ఇరుసుల్లా పొడుచుకొచ్చిన గుండ్రని మొలలను చూడాలి. ట్రనియన్లు అనే ఈ మొలల మీదే ఫిరంగి బండి మీద కూర్చుని పైకీ కిందికీ ఒరుగుతుంది. ఐరోపా నమూనాల్లో వాటి మందం దాదాపు గొట్టం లోపలి వెడల్పుకు సమానంగా ఉంచేవారు. మూతి మూసుకుపోయినా మొల మందం 93 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఆరు పౌన్ల ఫిరంగి అనే అంచనాకు రావచ్చు. ఇదే కొలత నకిలీని కూడా పట్టిస్తుంది. వేదిక అలంకారానికి చేసిన బొమ్మ ఫిరంగులకు మొలలు పుల్లల్లా సన్నగా ఉంటాయి లేదా అసలే ఉండవు, వెనుక భాగంలో మందుకు నిప్పు అందించే రంధ్రం ఉండదు, మూతి దగ్గర గొట్టం గోడ రేకులా పలచగా ఉంటుంది. బండిని బట్టి మాత్రం కాలం నిర్ణయించకూడదు. అసలు కొయ్య బండ్లు మన వానకు, చెదలకు నిలవలేదు. ఇప్పుడు కనిపించే ఇనుప చక్రాలు, సిమెంటు దిమ్మెలు చాలావరకు ఇటీవలివే.

గుర్తులు వెతకవలసిన చోట్లు మూడు: గొట్టం వీపు, వెనుక కడియం, మొలల కొసలు. వీపు మీద కిరీటం కింద జి, ఆర్ అక్షరాలు అల్లుకుని ఉంటే జార్జి రాజుల కాలం. అల్లికలో ఉన్న అంకె 2 అయితే 1727 నుంచి 1760 వరకు, 3 అయితే 1760 నుంచి 1820 వరకు. వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం. ముక్కు పైకి ఉన్న మూడు గీతల బాణం గుర్తు ఇంగ్లండు ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. ఈస్టిండియా కంపెనీ ఫిరంగుల మీద హృదయాకారాన్ని నాలుగు గళ్లుగా చీల్చి వి, ఈ, ఐ, సి అక్షరాలు పెట్టిన వర్తక ముద్ర కనిపిస్తుంది, అందులో వి అక్షరం పాత రాతలో యు బదులు వాడినది. వి, ఓ, సి అల్లుకుని ఉంటే డచ్చి కంపెనీ. మొల కొస మీద ఎఫ్ అక్షరం ఉంటే స్వీడన్‌లోని ఫిన్‌స్పోంగ్ పోతశాలను తలచుకోవాలి, కారన్ అని ఉంటే స్కాట్లండులోని ఆ పేరు గల పోతశాలను. వెనుక గుబ్బ పైన తాడు దూర్చడానికి కడియం ఉందంటే, 18వ శతాబ్దం చివర ఇంగ్లిషు ఫిరంగి దళాధికారి బ్లోమ్‌ఫీల్డ్ రూపొందించిన నమూనా కావచ్చు. బాణం గుర్తుకూ హృదయ ముద్రకూ ఉన్న తేడా మన చరిత్రలో చిన్నది కాదు. ఒకటి రాజుగారి సైన్యానిది, ఇంకొకటి లాభం కోసం వచ్చిన కంపెనీది.

పర్షియన్ తేదీల్లో తెలుగు కళ్లు పొరపడే చోటు ఒకటి ఉంది. ఆ అంకెల్లో సున్నా ఒక చుక్క మాత్రమే, అయిదేమో మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. అజ్‌దహా పైకర్ మీది హిజ్రీ 1085ను చూస్తే చివరి అయిదు సున్నాలా, రెండో స్థానంలోని సున్నా తుప్పు గుంటలా అనిపించవచ్చు. సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది, కాబట్టి 1085 అంటే 1674. టిప్పు సుల్తాను ఫిరంగుల దగ్గర ఈ సూత్రం బోల్తా కొడుతుంది. ఆయన హిజ్రీని విడిచి మౌలూదీ అనే కొత్త శకం ప్రవేశపెట్టాడు, అంకెలను కూడా కుడి నుంచి ఎడమకు రాయించాడు. ఆ శకంలో 1219 అంటే 1790-91 ప్రాంతం. హిజ్రీ అనుకుని లెక్క కడితే 1804 వస్తుంది. టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నంలో మరణించాడు! పులి చారల నగిషీ, పులి తల మూతి కనిపించిన ఫిరంగి దగ్గర తేదీని రెండుసార్లు చూడాలి.

గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటే అది 19వ శతాబ్దం మధ్యకు ముందుది కాదనే చెప్పవచ్చు, దాన్ని కోటల కథలతో ముడిపెట్టకూడదు. పార్కుల్లో రబ్బరు చక్రాల ఫిరంగులు కూడా ఉంటాయి. 87.6 మిల్లీమీటర్ల ఇరవై అయిదు పౌన్ల ఫిరంగి, 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ విమాన విధ్వంసక తుపాకి రెండో ప్రపంచ యుద్ధ కాలం నమూనాలు. వాటి వెనుక భాగంలో తయారీ సంఖ్య, సంవత్సరం స్పష్టంగా కొట్టి ఉంటాయి, ఊహకు పని లేదు.

రంగు కింద దాగిన గుర్తులను చూడటానికి తీగ బ్రష్షుతో గీకడం, యాసిడ్ పోయడం, ఇసుక కొట్టించడం చాలా పెద్ద తప్పు. తుప్పుతో పాటు అక్షరం కూడా రాలిపోతుంది, రాలిన అక్షరాన్ని ఎవరూ తిరిగి తేలేరు. చీకటి పడ్డాక టార్చిని గొట్టానికి ఆనించినంత దగ్గరగా పక్కవాటుగా పట్టుకుంటే, పగలు కనిపించని గీతలు నీడల రూపంలో లేచి వస్తాయి. పలుచని కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీస్తే కొలత కూడా దొరుకుతుంది. జాతీయ పండుగల ముందు హడావుడిగా మళ్లీ మళ్లీ పూసే దట్టమైన రంగు ఫిరంగికి గౌరవం కాదు. ప్రతి పూతకూ చెక్కడం లోతు కొంత పూడుతుంది, కింద చిక్కిన తడి ఇనుమును తింటూనే ఉంటుంది.

జాగ్రత్త విషయం ఒకటి తప్పక చెప్పాలి. మూతి పూడిన పాత ఫిరంగిలో మందు, గుండు ఇంకా ఉండవచ్చు. న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కుకు చెందిన 18వ శతాబ్దపు ఫిరంగిని 2013లో శుభ్రం చేస్తున్నప్పుడు, లోపల గుండుతో పాటు 800 గ్రాములకు పైగా తుపాకి మందు బయటపడింది. దశాబ్దాల పాటు జనం దాని పక్కనే తిరిగారు. అందువల్ల మూతిలోని సిమెంటును డ్రిల్లుతో తవ్వడం, గొట్టానికి వెల్డింగు చేయడం ఎవరూ సొంతంగా చేయకూడదు, ముందు పోలీసులకు, వారసత్వ శాఖకు తెలపాలి. చెరువు పూడిక తీస్తున్నప్పుడో, పునాది తవ్వుతున్నప్పుడో ఫిరంగి గానీ గుండ్లు గానీ దొరికితే, 10 రూపాయల విలువ దాటిన పూడ్చిన వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. పాత ఇనుము కింద తూకానికి అమ్మేయడం నష్టం మాత్రమే కాదు, నేరం కూడా కావచ్చు.

ఊరి పెద్దలు చెప్పే కథలను కొట్టిపారేయనక్కర్లేదు. ఫలానా దొర తెచ్చాడని, ఫలానా జాతరకు పేల్చేవారని, రంజాను నెలలో దాని మోతతోనే ఉపవాసం విడిచేవారని చెప్పే మాటలు మూడో ప్రశ్నకు, అంటే ఫిరంగి ఇక్కడికి ఎలా వచ్చింది, ఎలా బతికింది అన్న ప్రశ్నకు ఎంతో విలువైన ఆధారాలు. వాటిని చెప్పినవారి వయసుతో, చెప్పిన తేదీతో రాసుకోవాలి. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు లోహంలోనే వెతకాలి.

ఈ పద్ధతిలో చూస్తే, మొదట చెప్పుకున్న ఆ వెండి రంగు ఫిరంగి పక్కన ఉండవలసిన బోర్డు ఇలా ఉంటుంది: "పోత ఇనుప ఫిరంగి. ఇంగ్లిషు తయారీ. లోపలి వెడల్పు 93 మిల్లీమీటర్లు, ఆరు పౌన్ల గుండు. గొట్టం మీద చెక్కిన బరువు 18-2-14, అంటే 946 కిలోలు. వెనుక కడియం నుంచి మూతి వరకు ఆరున్నర అడుగులు. బండి ఆధునికం. నిజాం సేనల కాలంలో ఈ ఊరికి వచ్చిందని స్థానికులు చెబుతారు."